రాబర్ట్ బాష్

జర్మనీ దేశపు దక్షిణభాగమున ఉల్మ్ నగరమునకు సమీపమున ఆల్బెక్ అను చిన్న గ్రామము కలదు. 1861వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఆ గ్రామమున రాబర్ట్ బాష్ జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన పన్నెండుగురు సంతానములో అతడు పదునొకండవవాడు. తండ్రి సేద్యము చేయుచు, బాటసారులు బస చేయు పూటకూళ్ల యింటిని నడపుచుండెను. కలిగిన కుటుంబమే యైనను, ఆ యింట దేనిని వ్యర్థము చేయుట యెరుగరు.

పాఠశాల చదువు ముగిసిన పిదప రాబర్ట్ ఉల్మ్ నగరమున సూక్ష్మయంత్రములు చేయు ఒక పనివాని వద్ద శిష్యుడుగా చేరెను. ఆ గురువు శ్రద్ధతో నేర్పువాడు కాడు. మూడేండ్లు గడచినను రావలసినంత విద్య చేతికి రాలేదు. ఆ కొరత రాబర్టు మనస్సున జీవితాంతము నిలిచిపోయెను. తరువాత అతడు జర్మనీలోని పలు కర్మాగారములందు పనిచేసెను. 1884లో అమెరికాకు పోయి, న్యూయార్కు నగరమున ఎడిసన్ కర్మాగారమునందును, అటుపై ఇంగ్లండులో సీమెన్స్ సోదరుల కర్మాగారమునందును పనిచేసి, చూచినదెల్ల నేర్చుకొనెను.

1886 నవంబరు 15న బాష్ స్టుట్‌గార్ట్ నగరమున ఒక యింటి పెరటి భాగమున చిన్న పనిశాల తెరచెను. అతనికి తోడు ఒక పనివాడును, ఒక కుర్రవాడును మాత్రమే. టెలిఫోనులు అమర్చుట, విద్యుద్ఘంటలు బిగించుట, చెడిన పరికరములను బాగుచేయుట వారి పని. ఆదాయము అంతంతమాత్రము. అప్పు చేసి పనిశాలను నిలుపుకొనవలసిన దినములు పెక్కు గడచెను. అయినను సరిగా అమరని వస్తువును తన చేతి మీదుగా వెలుపలికి పంపుటకు ఆయన ఒప్పుకొనలేదు.

ఆ కాలమున పెట్రోలు యంత్రములు అప్పుడప్పుడే వాడుకలోనికి వచ్చుచుండెను. సిలిండరులో నిండిన ఇంధనమును గాలిని మండించుటకు నిప్పురవ్వ కావలెను. ఆ రవ్వను పుట్టించు పరికరమునకు మాగ్నెటో అని పేరు. 1887లో బాష్ అట్టి పరికరమును మెరుగుపరచి తయారుచేసెను. 1902లో ఆయన సహచరుడగు గాట్‌లోబ్ హోనోల్డ్ స్పార్కు ప్లగ్గుతో కూడిన కొత్త మాగ్నెటోను నిర్మించెను. దానితో బాష్ పేరు దేశదేశములకు ప్రాకెను. పెరటిలోని పనిశాల పెద్ద కర్మాగారమయ్యెను.

సంపద వచ్చినను బాష్ తొల్లింటి పొదుపును మరువలేదు. ఒకనాడు కార్యాలయపు నేలపై పడియున్న కాగితపు క్లిప్పును చేతికి తీసికొని, ఇది యేమని ఆయన ఒక ఉద్యోగిని అడిగెననియు, అది క్లిప్పని ఆ ఉద్యోగి చెప్పగా, కాదు, అది తన ధనమని దిద్దెననియు ఒక కథ వాడుకలో నున్నది. ఇట్టి పొదుపరియే 1906లో తన పనివారికి దినమునకు ఎనిమిది గంటల పని చాలునని నిర్ణయించెను. అలసిన చేయి కొలత తప్పునని ఆయన యెరుగును. 1913లో పని నేర్చుకొను బాలురకై ప్రత్యేక శిక్షణశాలను నెలకొల్పి, చిన్ననాడు తనకు లభింపని విద్యను వారికి లభింపజేసెను.

ఇంతలో ఆ వైభవమునకు పునాదిని కదలింపగల మార్పొకటి వచ్చెను. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1897లో కొత్త యంత్రమును నడపి చూపెను. ఆ యంత్రమున గాలిని మిక్కిలిగా అదుముదురు. అదుమబడిన గాలి మండునంతగా వేడెక్కును. దానిలోనికి నూనె చిమ్మగానే అది తనంతట తానే అంటుకొనును. అనగా డీజిల్ యంత్రమునకు నిప్పురవ్వతో పనిలేదు. నిప్పురవ్వ అక్కరలేనిచో మాగ్నెటోను కొనువారెవ్వరు?

అయితే ఆ యంత్రమునకు ఒక పెద్ద లోపముండెను. నూనెను లోనికి చిమ్ముటకు అధికమైన ఒత్తిడి గల గాలిని వాడవలసి యుండెను. దానికి కావలసిన పరికరము బరువైనది. కర్మాగారములకును ఓడలకును అది తగును గాని, పొలము దున్ను ట్రాక్టరునకు, బాటపై పరుగిడు లారీకి తగదు. గాలి సాయము లేక నూనెను కొలిచి చిమ్మగల చిన్న పంపు కావలెను.

1921లో బాష్ పుత్రుడు దీర్ఘవ్యాధితో మరణించెను. తన పిదప సంస్థను నడపునని ఆశించిన కుమారుడు పోవుటతో ఆయన మిక్కిలి క్రుంగెను. అప్పటికి ఆయన వయస్సు ఇంచుమించు అరువదేండ్లు. అట్టి స్థితిలో 1922 చివర, తన మాగ్నెటోను అక్కరలేని దానినిగా చేయు ఆ యంత్రమునకే పంపును నిర్మింపవలెనని ఆయన నిశ్చయించెను. మరుసటి సంవత్సరమే హోనోల్డ్ మరణించెను. ఇంచుమించు పండ్రెండు విధములైన నమూనాలు గీయబడి, పరీక్షింపబడెను. నడుమ 1925-26 సంవత్సరములలో మోటారు పరిశ్రమకు మాంద్యము వచ్చి అమ్మకములు పడిపోయెను. అయినను పని ఆగలేదు. 1927లో బాష్ కర్మాగారమునుండి డీజిల్ పంపులు వరుసగా వెలువడసాగెను.

ఆ పంపు చూచుటకు చిన్నది. దాని లోపల ప్రతి సిలిండరునకు ఒక్కొక్క ఉక్కు గొట్టమును, దానిలో పైకి క్రిందికి కదలు ఉక్కు కడ్డీయు ఉండును. ఆ కడ్డీని ప్లంజరు అందురు. ఆ రెండింటి నడుమ ఎడము మిల్లీమీటరులో వేయింట రెండు మూడు పాళ్లు మాత్రమే. ప్లంజరు ప్రక్కన ఏటవాలుగా ఒక గాడి చెక్కబడి యుండును. ప్లంజరు పైకి లేచునపుడు ఆ గాడి అంచు గొట్టపు గోడలోని రంధ్రమును చేరగానే నూనె వెనుకకు మరలిపోవును, చిమ్ముట ఆగును. పండ్లు గల ఒక పట్టీని జరిపినచో ప్లంజరు కొంచెము తిరుగును. గాడి ఏటవాలుగా నుండుటచేత, తిరిగిన కొలది చిమ్ముట ముందుగనో ఆలస్యముగనో ఆగును. ఆ విధముగా నూనె పాలు తగ్గుటయు హెచ్చుటయు జరుగును. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు నాలుగు పోట్ల యంత్రమున, ఒక్కొక్క సిలిండరునకు నిమిషమునకు 750 మార్లు ఈ కొలత జరుగును. ప్రతిసారి పోవునది ఇంచుమించు ఒక బొట్టు నూనె!

ఆ పట్టీ ఎంతవరకు జరుగవచ్చునో ఒక మర హద్దు విధించును. బరువైన నాగలిని లాగలేక ట్రాక్టరు ఆయాసపడునపుడు, ఆ మరను సడలించి నూనెను హెచ్చింతమని తోచుట సహజము. కొంతవరకు బలము హెచ్చును కూడ. కాని ఒక కిలోగ్రాము డీజిల్ నూనె పూర్తిగా కాలుటకు ఇంచుమించు 14.5 కిలోగ్రాముల గాలి కావలెను. సిలిండరు పీల్చు గాలికి మితి కలదు. ఆ మితిని దాటిన నూనె బలముగా మారక నల్లని పొగయై వెడలును. వేడి మితిమీరి పిస్టనులు చెడును. కాలని నూనె కందెనతో కలిసి దానిని పలుచన చేయును. గాలి హెచ్చి, దానికి తగినట్లు నూనె హెచ్చి, యంత్రభాగములు ఆ భారమును ఓర్చినపుడే నిజమైన బలము కలుగును. అందుచేత నేర్పరియైన పనివాడు పంపును పరీక్షించు బల్లపై నుంచి, ఒక్కొక్క సిలిండరునకు పోవు నూనెను గాజు కొలపాత్రలలో పట్టి, అన్నియు సమానముగా నున్నవో లేవో చూచిన పిమ్మటనే మరను ముట్టును.

బాష్ కడపటి యేండ్లు సుఖముగా గడువలేదు. హిట్లరు పాలనను ఆయన మనసార ద్వేషించెను. హింసింపబడిన యూదులకు చాటుగా సాయపడెను. అయినను ఆయన సంస్థ యుద్ధసామగ్రిని తయారుచేయవలసి వచ్చెను. బలవంతముగా తేబడిన పనివారు అందు శ్రమింపవలసి వచ్చెను. ఆ మచ్చ నేటికిని ఆ సంస్థ చరిత్రలో మిగిలియున్నది. 1940లో ఆయన దానముతో స్టుట్‌గార్ట్‌లో ఒక ఆస్పత్రి వెలసెను. 1942 మార్చి 12న ఎనుబదేండ్ల వయస్సున ఆయన కన్నుమూసెను. ఆయన కోరికకు అనుగుణముగా, 1964లో సంస్థ వాటాలలో అధికభాగము ధర్మకార్యములు చేయు సంస్థకు చేరెను.

1951లో బెంగుళూరు నగరమున మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ స్థాపింపబడి, బాష్ పద్ధతిలో స్పార్కు ప్లగ్గులను, డీజిల్ పంపులను తయారుచేసెను. మైకో అను ఆ పేరు మన దేశపు రైతులకును మోటారు పనివారికిని సుపరిచితమయ్యెను. నేటి కొత్త ట్రాక్టర్లలో పెక్కింటియందు నూనె కొలతను ఎలక్ట్రానిక్ పరికరములు చూచుచున్నను, కొలత అవసరము తీరలేదు. తగిన గాలికి తగిన నూనె, తగిన క్షణమున చేరవలెను. వ్యర్థము నెరుగని యింట పుట్టి, నేలపై పడిన క్లిప్పును విడువని ఆ మనుష్యుడు, ఒక్క బొట్టును సరిగా కొలుచుటకై అయిదేండ్లు పాటుపడెను. మన పొలములో ట్రాక్టరు పొగ విడువక బరువు లాగునపుడు ఆ శ్రమఫలమే కానవచ్చును.