ముత్యాల వ్యాపారి గ్లికెల్

పన్నెండో ఏట నిశ్చితార్థం, పద్నాలుగో ఏట పెళ్లి. ఆపైన పద్నాలుగు కాన్పులు! ఇంతవరకే చెబితే మన ముత్తవ్వల కథే అనుకుంటారు. కానీ ఈవిడ 1646 ప్రాంతంలో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టిన యూదు స్త్రీ. పేరు గ్లికెల్. తన జీవితాన్ని తానే, ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్ భాషలో రాసిపెట్టింది. అది చదివినప్పటినుంచీ ఆవిడ నాకు దూరపు బంధువులా అనిపిస్తుంది.

భర్త హాయిమ్. ఏడాదిపాటు అత్తవారి ఊరు హామెల్న్‌లో ఉండి హాంబర్గ్‌కి వచ్చేశారు. ఆయన ఇంటింటికీ తిరిగి పాత బంగారం కొనేవాడు, కంసాలులకి అమ్మేవాడు. తర్వాత ముత్యాల బేరంలోకి దిగారు. ఏ బేరమైనా ఇద్దరూ మాట్లాడుకునే చేసేవారు. మొదటి కాన్పు పుట్టింట్లోనే. చిత్రమేమిటంటే, కొద్ది రోజుల తేడాతో వాళ్లమ్మా ఆడపిల్లనే కంది! ఓ రాత్రి పసికందులిద్దరూ తారుమారై ఇల్లంతా గగ్గోలు. ఎవరి బిడ్డ ఎవరో తేలేసరికి అందరికీ ఒకటే నవ్వు.

1689లో హాయిమ్ పనిమీద వెళ్తూ పదునైన రాయిమీద పడ్డాడు. కొద్ది రోజులకే మంచం మీద ఆఖరి ఘడియలు. అప్పుడు గ్లికెల్ బయట ఉంది. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం బహిష్టు ఆగాక ఏడు శుభ్రమైన రోజులు లెక్కపెట్టి, మిక్వే అనే కొలనులో మునిగేదాకా భార్యాభర్తలు ఒకరినొకరు తాకకూడదు. ఒక్కసారి పట్టుకోనా అని అడిగింది. వద్దన్నాడు ఆయన. స్నానానికి ఇంకెన్నో రోజులు లేవుగా అన్నాడు. ఆ స్నానం వేళకి ఆయన లేడు.

ఈ ఘట్టం దగ్గర నాకు ప్రతిసారీ కోపమొస్తుంది. రోగికి చేసేవాళ్లు ఇంకెవరూ లేకపోతే భార్య సేవ చేయొచ్చని ఆ శాస్త్రమే సడలింపు ఇచ్చింది. అయితే ఈవిడ అడిగింది సేవ కాదు, కౌగిలి. గ్లికెల్ మాత్రం శాస్త్రాన్ని పల్లెత్తు మాట అనలేదు. అలాగని జరిగింది దాచనూ లేదు. పిల్లలు చదువుతారని తెలిసే రాసింది.

పోయేముందు అప్పగింతలేమైనా ఉన్నాయా అంటే, అన్నీ నా భార్యకి తెలుసు అన్నాడట హాయిమ్. తెలుసు మరి! అప్పులే ఇరవై వేల రైక్స్‌టాలర్లు. పెళ్లి కావలసిన పిల్లలు ఎనిమిదిమంది. చనిపోయిన మనిషిని పైలోకంలో అడిగే మొదటి ప్రశ్న, వ్యాపారం నిజాయితీగా చేశావా అన్నదేనని తాల్ముద్ చెబుతుంది. గ్లికెల్ సరుకంతా వేలం వేసి ఏడాది తిరిగేలోగా అందరి బాకీలూ తీర్చేసింది. మేజోళ్ల తయారీ పెట్టింది. లైప్‌జిగ్, బ్రౌన్‌ష్వైగ్ సంతలకి వెళ్లింది.

పగలంతా ఇంత చేసినా రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఆ దిగులు పోవడానికే 1691లో రాయడం మొదలుపెట్టింది. అందులో ఓ పక్షి కథ ఉంది. తండ్రి పక్షి పిల్లల్ని ఒక్కొక్కటిగా సముద్రం దాటిస్తూ, ముసలితనంలో నన్ను చూస్తావా అని అడుగుతుంది. చూస్తానన్న రెండింటినీ అబద్ధాలకోరులని నీళ్లలో వదిలేస్తుంది. నీకు మాటివ్వలేను, నువ్వు చేసినట్టే నా పిల్లలకి చేస్తానన్న మూడోదాన్ని ఒడ్డు చేరుస్తుంది.

1700లో మెట్జ్ నగరంలోని హిర్ష్ లెవీ అనే ధనికుణ్ని మళ్లీ పెళ్లాడింది. పిల్లలకి భారం కాకూడదని ఆవిడ ఆలోచన. రెండేళ్లలో ఆయన దివాలా తీశాడు. ఈవిడ డబ్బూ అందులోనే పోయింది! 1712లో ఆయన పోయాక కూతురు ఎస్తేర్ రమ్మని ఎంత పిలిచినా మూడేళ్లు వెళ్లలేదు. పక్షి కథ రాసిన మనిషి కదా!

చివరికి 1715లో వెళ్లింది. ప్రార్థన ముగించుకుని భోజనానికి ఆలస్యంగా వస్తే, కూతురు మంచి వంటకం తీసి ఉంచేదని మురిసిపోతూ రాసుకుంది. 1724లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది.