తల్లులను బడికి పిలిచిన మాంటిసోరి

పిల్లవాణ్ణి బడిలో చేర్చగానే తల్లిదండ్రుల బాధ్యత తీరిపోయిందని చాలామంది అనుకుంటారు. అది సరికాదని నూరేళ్ళకు పూర్వమే చేసి చూపిన విద్యావేత్త మరియా మాంటిసోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని కియారవల్లేలో జన్మించింది. ఆ రోజుల్లో స్త్రీలు వైద్యవిద్య చదవడం చాలా అరుదు. తండ్రికి ఇష్టం లేకపోయినా, తల్లి ప్రోత్సాహంతో ఆమె పట్టుదలగా చదివి 1896లో రోము విశ్వవిద్యాలయంలో వైద్యపట్టా పొందింది. తరువాత ఆమె దృష్టి పసిపిల్లల చదువు మీదికి మళ్ళింది.

రోము నగరంలో సాన్ లొరెంజో అనే పేదవాడ ఉండేది. అక్కడ ఒక సంస్థ పాత భవనాలను బాగుచేయించి కూలివారి కుటుంబాలకు అద్దెకిచ్చింది. పెద్దలు పనికి పోగానే పిల్లలు మెట్ల మీద ఆడుతూ గోడలు పాడుచేసేవారు. వారిని ఒకచోట చేర్చి చూసే పనిని ఆ సంస్థ మాంటిసోరికి అప్పగించింది. 1907 జనవరి 6న ఆ భవనంలోనే ఒక గదిలో బడి మొదలైంది. సుమారు 50 మంది పిల్లలు చేరారు. ఆ బడికి 'బాలల ఇల్లు' అని పేరు.

అక్కడ రుసుము లేదు. కాని తల్లిదండ్రులకు నియమాలుండేవి. పిల్లలను శుభ్రంగా, వేళకు పంపాలి. ఉపాధ్యాయురాలిని గౌరవించాలి. తల్లి వారానికి ఒక్కసారైనా వచ్చి, ఇంట్లో బిడ్డ ఎలా ఉంటున్నాడో చెప్పి, ఆమె సలహా వినాలి. ఉపాధ్యాయురాలు కూడా ఆ భవనంలోనే కాపురముండేది. తల్లులు ఏ వేళనైనా వచ్చి పిల్లల పనులు చూడవచ్చు.

ఆ తల్లులలో చాలామందికి చదువు రాదు. అంత చిన్న పిల్లలకు అక్షరాలు నేర్పాలని మాంటిసోరి మొదట అనుకోలేదు. తమ బిడ్డల నేర్పును కళ్ళారా చూసిన తల్లులే వచ్చి, చదవడం, రాయడం నేర్పమని ప్రాధేయపడ్డారు. అప్పుడామె గరుకు కాగితంతో అక్షరాలు చేయించింది. పిల్లలు వాటిని వేలితో తడుముతూ కొద్దికాలంలోనే రాయడం నేర్చుకున్నారు.

1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చింది. యుద్ధం కారణంగా 1946 వరకు మన దేశంలోనే ఉండి, వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. 1952 మే 6న నెదర్లాండ్స్‌లో కన్నుమూసింది.

బిడ్డ బడిలో ఉండేది కొన్ని గంటలే. మిగిలిన కాలమంతా ఇంటిలోనే గడుస్తుంది. అందుకే మాంటిసోరి చదువురాని తల్లికి కూడా బడి తలుపు తెరిచి ఉంచింది.