పగలు హార్వర్డ్ క్లాసు, రాత్రి ఆసుపత్రి వార్డు



డిగ్రీలో చేరిన మీ అబ్బాయి సాయంత్రాలు ఏదో చిన్న ఉద్యోగం చేసుకుంటానన్నాడనుకోండి. లేదా అమ్మాయి సెలవుల్లో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకు వెళ్తానందనుకోండి. ముందు చదువు సంగతి చూడమని మనలో చాలామంది వెంటనే అనేస్తాం. అందుకే ఈ నెల మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మీకు చెప్పాలనిపించింది.

ఆయన 1895లో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. (ఈ మాట మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.) మద్రాసులో చదువుకునే రోజుల్లో రామకృష్ణ మఠానికి దగ్గరై, సన్యాసం తీసుకుని సేవలో ఉండిపోదామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చులకు స్నేహితులు, కాబోయే మామగారు సాయం చేశారు.

అప్పుడే గాంధీ గారి పిలుపు విని ఆపరేషన్ గదిలోనూ ఖద్దరే వేసుకున్నారు. సర్జరీ ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చేతికి ఎంబీబీఎస్ రాలేదు, అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ వచ్చింది. మీరు ఆ ఇంట్లో తండ్రి అయ్యుంటే ఏమనేవారో ఒకసారి ఊహించుకోండి! ప్రభుత్వ వైద్య ఉద్యోగం కూడా దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

ఆ తర్వాత, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో, మామగారు సమకూర్చిన డబ్బుతో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో సీటైతే ఉంది కానీ అక్కడ డాక్టరుగా పనిచేసే అర్హత లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి కడిగి, తెల్లవారితే క్లాసుకు వెళ్లడం! ఇక్కడ డాక్టరు అనిపించుకున్న మనిషి. మనమైతే ఆ సంగతి చుట్టాలకు చెప్పేవాళ్లమేనా?

1924లో డిప్లొమా వచ్చింది. మరుసటి ఏడు సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పరిశోధన ఆ తర్వాతది. 1930లో పీహెచ్‌డీ. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే మందుల కంపెనీకి వెళ్లారు.

ఆయన సోదరులు ఇద్దరు సంగ్రహణి వ్యాధితో చనిపోయారు. ఆ జబ్బుకు పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని లెడర్లేలో ఆయన బృందమే తయారుచేసింది. అమ్మలకు ఆ మాత్ర పరిచయమే, గర్భిణిగా ఉన్నప్పుడు వేసుకున్నదే.

అయితే ఆయన అన్నిటినీ చక్కగా సమన్వయం చేసుకున్నారని చెబితే అబద్ధమవుతుంది. భార్య శేషగిరి గారిని ఇక్కడే వదిలి వెళ్లిన మనిషి మళ్లీ దేశానికి రాలేదు. 1948లో, 53 ఏళ్ల వయసులో అమెరికాలోనే కన్నుమూశారు. ఆ ఇంటి నష్టాన్ని ఏ పరిశోధన పూడ్చిందో నాకైతే తెలియదు.

చనిపోవడానికి ముందు ఆయన బృందం బోదకాలు జబ్బుకు హెట్రజాన్ అనే మందు కనిపెట్టింది. మన ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మింగించే డీఈసీ మాత్ర అదే.