ఇంద్రలాల్ రాయ్

ఇంద్రలాల్ రాయ్ 1898 డిసెంబరు 2వ తేదీన కలకత్తాలో జన్మించి, లండనులో విద్య నభ్యసించెను. మొదటి ప్రపంచయుద్ధమున వైమానికదళములో చేరబోగా, దృష్టి చాలదని వైద్యులు నిరాకరించిరి. ఆ యుద్ధవిమానమున ఒక్కడే కూర్చుండును; నడుపుట, గురిచూచుట, వెనుక వచ్చు శత్రువును కనిపెట్టుట అతని పనియే. కావున కన్నులే ప్రాణరక్షకములు. రాయ్ తన మోటారు సైకిలు నమ్మి, ఆ ధనముతో వేఱొక నేత్రవైద్యునిచే పరీక్ష చేయించుకొని, 1917 జూలైలో దళమున ప్రవేశించెను. డిసెంబరులో విమానము కూలి గాయపడెను. ఎగురుటకు తగడన్నను పట్టు విడువలేదు. 1918 జూలై 6 మొదలు 19 వరకు, కొన్నిట సహచరులతో కూడి, 10 విజయములు గడించెను. 22వ తేదీన ఫ్రాన్సు గగనమున పోరుచు మడిసెను. అప్పటికి 19 ఏండ్లే. పతకము మరణానంతరము వచ్చెను. బాలకులారా, ఆ విజయములు రెండు వారములవి. వానికి ముందు రెండుమార్లు కాదనిపించుకొని నిలిచిన యోర్పును మఱవకుడు.