జగజ్జెట్టి యనదగిన వాడెవడు?
కీ. శే. కోడి రామమూర్తి నాయుడుగారి జీవితము



జెట్టి యనగా మల్లుడు. ఈ పదము జ్యేష్ఠశబ్దమునుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. జగత్తునకు జెట్టి జగజ్జెట్టి. లోకమందలి మల్లులలో నెల్ల మొదటివాడని దాని భావము. ఇట్టి పేరు మనుజునకు దేనివలన వచ్చును? కండబలముననా, బిరుదముననా, లేక మరియొక గుణముననా? ఈ ప్రశ్నకు సమాధానముగా మన తెలుగునాట పుట్టిన యొక మహాబలుని జీవితమును సంగ్రహముగా విన్నవించుచున్నాను. ఆయనను తమవాడని చెప్పుకొనువారు పెక్కుమంది కలరు. సంతోషమే. కాని గోదాలోని మన్ను ఎవరి కులమును అడుగదు. కావున ఆయనను తెలుగువారందరి సొత్తుగా నెంచియే వ్రాయుచున్నాను.

కోడి రామమూర్తి నాయుడుగారు 1882లో వీరఘట్టమున జన్మించిరి. ఆ గ్రామము అప్పుడు మదరాసు రాజధానిలోనిది. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తండ్రి వెంకన్న నాయుడుగారు. తల్లి బాల్యముననే గతించుటచే బాలుడు విజయనగరమునందు పినతండ్రి నారాయణస్వామిగారి యింట పెరిగెను. చదువుకంటె సాముగరిడీలమీదనే మనసెక్కువ. అక్కడి వ్యాయామశాలలో దండీలు, బస్కీలు తీసి, కుస్తీపట్లు నేర్చి, యౌవనము వచ్చునప్పటికి చూచువారికి వెరగు గొలుపు దేహదార్ఢ్యమును సంపాదించెను.

ఇంతవరకు చెప్పినది పలువురు బలవంతుల కథయే. ఇటుపైన నాయుడుగారు చేసిన పని గమనింపదగినది. పుట్టుబలము చాలునని ఆయన తృప్తిపడలేదు. మదరాసు చేరువనున్న సైదాపేటకు పోయి, ఒక యేడు వ్యాయామోపాధ్యాయశిక్షణము పొంది, మరలి విజయనగరమునకు వచ్చి, తాను చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయుడై పిల్లలకు నేర్పనారంభించిరి. నేర్పువాడు తన విద్యను మరల మొదటినుండి నేర్చుకొనును. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపిన నాకిది అనుభవైకవేద్యము.

పిదప పొట్టి పంతులుగారను మిత్రుని తోడ్పాటుతో సర్కసు కంపెనీ స్థాపించి దేశమంతయు తిరిగిరి. ఒంటికి బిగించిన ఇనుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట, భుజములకు గొలుసులు కట్టించుకొని మోటారుబండ్లను కదలనీయకుండుట, ఱొమ్ముమీద బల్ల వేయించుకొని దానిమీద ఏనుగును నిలుపుకొనుట - ఇవి ప్రజలు తండోపతండములుగా వచ్చి చూచిన ప్రదర్శనములు. చూచువారికి ఏనుగు కనబడును, ఊపిరి కనబడదు. బల్లవలన బరువు శరీరమంతటికి పంచుకొనబడును. నిండార పీల్చి బంధించిన ఊపిరివలన ఱొమ్ము కుంగక నిలుచును. ఒక్క నిమిషము ఊపిరి సడలినచో ప్రాణమే పోవును. కనుకనే నాయుడుగారు వాయుస్తంభనమును ఏండ్ల తరబడి సాధించిరి. ఆయన శాకాహారి, ఆంజనేయోపాసకుడని ప్రసిద్ధి. బీచుపల్లి స్వామికి మ్రొక్కు మన కృష్ణాతీరవాసులకు ఈ మాట మిక్కిలి యింపుగా నుండును.

బిరుదములకు లోటు లేదు. కలియుగభీముడు, మల్లమార్తాండుడు, జగదేకవీరుడు మొదలగునవి ఆయనకు వచ్చినవి. ఇంగ్లండులో ఐదవ జార్జి చక్రవర్తి యెదుట ప్రదర్శనమిచ్చి ఇండియన్ హెర్కులీసు అనిపించుకొనుటయు లోకప్రసిద్ధమే. ఐనను ఒక సత్యమును దాచరాదు. ఆయన కీర్తి గోదాలోని పోటీలకంటె బలప్రదర్శనములవలననే యెక్కువ వ్యాపించినది. ప్రపంచవిజేతకిచ్చు నడికట్టు ఆయన నడుమున చేరలేదు.

ఆ నడికట్టు పొందిన భారతీయుడు ఆయన సమకాలికుడగు గామా పహిల్వాను. 1878లో పంజాబునందు పుట్టి, చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, దినమునకు వేలకొలది దండీలు, బస్కీలు తీసి పెరిగినవాడు. 1910లో లండను పోగా పొట్టివాడని మొదట పోటీలోనికే రానీయలేదట. ఆ యేడు సెప్టెంబరు 10వ తేదీన పోలండు దేశపు స్బిష్కోతో తలపడెను. అతడు నేలకు కరచుకొని పడుకొనుటచే రెండున్నర గంటలైనను జయాపజయములు తేలలేదు. 17వ తేదీన మరల పోరవలసియుండగా స్బిష్కో రానే లేదు. నడికట్టు గామాకు దక్కెను. అది ప్రత్యర్థి రాకపోవుటచే వచ్చిన జయమని యెవరైన నందురేమో! 1928లో పటియాలాయందు ఏబదియేండ్లకు దగ్గరపడిన గామా ఆ స్బిష్కోనే నిమిషములోపల వెల్లకిల పడవైచెను. మొదటి జయము నడికట్టును మాత్రమే ఇచ్చినది. రెండవది, పదునెనిమిదేండ్లు సాధన మానకుండుటచే, ఆ నడికట్టుకు అర్థము కల్పించినది.

ఇక మన నాయుడుగారి కడపటి పరీక్ష. కాలికి పుండు లేచి, మానక, తుదకు ఆ కాలినే తీసివేయవలసి వచ్చినది. శస్త్రచికిత్సాసమయమున మత్తుమందు వలదని, ప్రాణాయామముతో ఆ బాధ నోర్చుకొనిరని నేటికిని చెప్పుకొందురు. ఏనుగును మోసిన దేహము ఒంటికాలిమీద నిలిచెను. లక్షలార్జించినను దానధర్మములకు వెచ్చించినవారగుటచే వెనుక నిలిచిన ధనమును లేదు. ఒడిస్సాలోని పట్నా సంస్థానపు రాజాశ్రయమున బలంగీరులో శేషజీవితము గడపి, 1942 జనవరిలో కీర్తిశేషులైరి. నేడు విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. శ్రీకాకుళమునందలి క్రీడాప్రాంగణము ఆయన పేర వెలయుచున్నది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. కండ పుట్టుకతో రావచ్చును, బిరుదము రాజులీయవచ్చును, నడికట్టు ప్రత్యర్థి రాకపోయినను రావచ్చును. ఎవరును ఈయజాలనివి మూడు కలవు: చూచువారు లేనప్పుడును మానని సాధన, శ్వాసమీదను మనసుమీదను ఏలుబడి, పడినప్పుడు మరల లేచు ధైర్యము. ఈ మూడును కలవాడే జగజ్జెట్టి. గామాకు నడికట్టు కలదు, నాయుడుగారికి లేదు. ఈ కొలతలో ఇరువురును సమానులే.

ఇది గతించిన కథ మాత్రమే కాదు. మన తెలంగాణమునందలి నిజామాబాదు పట్టణపు బిడ్డ నిఖత్ జరీన్, తండ్రియే తొలిగురువుగా ముష్టియుద్ధము నేర్చినది. 2019 చివర అర్హతపోటీలో మేరీ కోమ్ చేతిలో ఓడెను. సాధన మానలేదు. 2022లో ఇస్తాంబులునందును, 2023లో ఢిల్లీయందును ప్రపంచవిజేతయైనది. 2024 పారిస్ ఒలింపిక్సులో పతకము దక్కకపోయినను ఆ రెండు జయముల వెల తరుగలేదు. ఆడపిల్లలకు గోదా తగదనువారికి ఇంతకంటె సమాధానమేల?

పోషకమహాశయులారా! ఏటేట మన సభలయందు శాలువలకును, పూలమాలలకును, ఊరేగింపులకును చాల ధనము వెచ్చింపబడుచున్నది. వలదనను. అందు కొంత తగ్గించి పెబ్బేరునందొక తాలీమును నిలుపుడు. మెత్తని ఎఱ్ఱమన్ను పోసిన గోదా, నమ్మకస్తుడగు వస్తాదునకు నెలజీతము, సాధన చేయు పిల్లలకు పాలు, శనగలు - ఇవి పెద్ద ఖర్చులు కావు. శనివారపు సంతలో ఎడ్లను కొనువారు వాని మూపును, గిట్టలను, పండ్లను ఎంత నిదానముగా పరీక్షింతురో అందరెఱిగినదే. మన బిడ్డల దేహములను ఆ మాత్రపు శ్రద్ధతో ఎన్నడైన చూచితిమా? తాలీము తలుపు మాత్రము ఏ కులపు బాలునకును, బాలికకును మూయరాదు. ఇది నా ప్రార్థన.

సర్వే జనాః బలినో భవంతు. శుభం భూయాత్.