ఆకులోని సత్తువను అందరికీ అందించిన సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. సోదరుణ్ణి స్ప్రూ వ్యాధి బలితీసుకున్నది. తిన్నది ఒంటపట్టనివ్వక మనిషిని శుష్కింపజేసే రోగమది. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావుకూ అదే జబ్బు చేసింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో కోలుకున్నారు.

ఆ తరువాత అమెరికా చేరి, పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్న పని చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధనలు సాగించారు. మెదడుతో సహా శరీరంలోని ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి వెల్లడించారు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. స్ప్రూ రోగులకూ, గర్భిణులకూ అది వరమయింది.

దీనికి ముందే, 1928 తరువాత, లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. కూరగాయలు, పండ్లు ఎరుగని పేద ముస్లిం స్త్రీలలో అది ఎక్కువగా కనిపించింది. వారికి కొరవడినది ఈ ఫోలిక్ ఆమ్లమేనని తరువాత తేలింది.

ఈ కొరత రక్తంతో ఆగదు. నీరసం, చిరాకు, మతిమరుపు, దిగులు కూడా తెచ్చిపెట్టవచ్చు. మన ఇళ్లలో బాలింత మూల కూర్చుని కన్నీరు పెడితే దిష్టి అంటాం, సోమరితనం అంటాం. పథ్యం పేరుతో ఆకుకూర మాన్పిస్తాం. దుఆ తప్పక చేద్దాం. దానితోపాటు డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించడం కూడా మన బాధ్యతే. దిగులంతా తిండి వల్లనే అని మేము అనడం లేదు. తిండి సంగతి మాత్రం మరువరాదంటున్నాం.

మన వెంకటాచలం వంటి ఊళ్లలో పాలకూర, మెంతికూర, పప్పులు దొరకనివి కావు. ఎక్కువసేపు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సత్తువ పోతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భిణులకు ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు అల్మారాలో పడి ఉండరాదు.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, స్వదేశానికి తిరిగి రాకుండానే కన్నుమూశారు. ఆయన శ్రమ ఫలం మాత్రం మన గడపదాకా వచ్చింది. దివ్యఖుర్ఆన్ మనకు హలాల్‌తోపాటు తయ్యిబ్, అనగా మేలైన ఆహారం తినమని బోధించింది. హలాల్ విషయంలో మనం ఎంతో జాగ్రత్తపడతాం. తయ్యిబ్ విషయంలోనూ అంతే జాగ్రత్తపడదాం. దేహం, మనసు రెండూ అల్లాహ్ మనకిచ్చిన అమానతులే.