ఆవిరి టర్బైన్ నిర్మాత చార్లెస్ పార్సన్స్

సంధ్యవేళ వసతిగృహంలో దీపం వెలిగించినపుడు ఆ వెలుగు వెనుక ఎక్కడో ఒక చక్రం తిరుగుచున్నదన్న సంగతి మనకు తట్టదు. కొత్తగూడెంలోనైనా, రామగుండంలోనైనా బొగ్గు మండించి ఆవిరితో త్రిప్పుచున్న ఆ యంత్రానికి మూలపురుషుడు సర్ చార్లెస్ పార్సన్స్.

ఆయన 1854 జూన్ 13న లండన్ నగరంలో జన్మించారు. తండ్రి రాస్ ప్రభువు; ఐర్లండులోని తన కోటలో ఆరడుగుల దర్పణంతో దూరదర్శిని నిర్మించిన ఖగోళజ్ఞుడు. బాలుడు బడికి పోలేదు. పండితులు ఇంటికే వచ్చి బోధించారు. కేంబ్రిడ్జిలో గణితం పూర్తిచేసిన పిమ్మట, 1877లో, ఆ ప్రభుపుత్రుడు న్యూకాజిల్ కర్మాగారంలో శిక్షణార్థిగా చేరి చేతులకు మసి పూసుకొన్నారు. ఆ కాలంలో అది సామాన్యవిషయం కాదని మా అభిప్రాయం.

నీటితో తిరిగే టర్బైన్లు అప్పటికే ఉన్నాయి. సన్నని ధార దొప్పల వంటి రెక్కలను కొట్టగా తిరిగేది పెల్టన్ చక్రం. నిండుగా ప్రవహించే నీటి ఒత్తిడితో తిరిగేది ఫ్రాన్సిస్ రకం. శ్రీశైలంలో కృష్ణాజలాలు త్రిప్పేది దీనినే. కాని ఆవిరి నీరు కాదు. ఒక్కసారిగా వ్యాకోచింపనిస్తే దాని వేగం అపారం. ఆ వేగానికి తగినట్లు తిరగవలసిన చక్రం తట్టుకొనజాలదు. పార్సన్స్ ఒత్తిడిని మెట్లు మెట్లుగా దింపారు. ఒక వరుస స్థిరమైన రెక్కలు, ఒక వరుస తిరిగే రెక్కలు, మరల స్థిరమైనవి. ప్రతి వరుసలోను ఆవిరి కొద్దికొద్దిగా శక్తిని ఇచ్చుకొంటూ పోతుంది. ఇరుసు ఒకవైపునకు నెట్టబడకుండా ఆవిరిని నడుమ ప్రవేశపెట్టి రెండు ప్రక్కలకు పంపారు. 1884లో నిర్మించిన ఆ తొలియంత్రం నిమిషానికి 18,000 చుట్లు తిరిగి ఏడున్నర కిలోవాట్ల విద్యుత్తు ఇచ్చింది. అంత వేగానికి తగిన డైనమోను కూడ ఆయనే రూపొందించారు.

1889లో భాగస్వాములతో విడిపోవలసి వచ్చింది. పేటెంటు హక్కులు వారివద్దనే ఉండిపోయాయి. తన ఊహనే తాను వాడరాదు! ఇతరులైతే వ్యాజ్యాలతో కాలం గడిపేవారేమో. ఆయన హీటన్‌లో సొంత కర్మాగారం స్థాపించి, ఆవిరి ఇరుసు వెంబడి గాక కేంద్రంనుండి వెలుపలికి, అడ్డంగా పారే మరొక టర్బైన్ నిర్మించారు. 1892లో కేంబ్రిడ్జి విద్యుత్కేంద్రానికై చేసిన అట్టి యంత్రం పరీక్షలో నెగ్గింది. 1894లో పాత హక్కులు తిరిగి లభించాయి.

పిదప ఓడ. టర్బీనియా మొదటి ప్రయోగం నిరాశ కలిగించింది: నీటిలోని చక్రం అతివేగంగా తిరుగగా చుట్టూ శూన్యబుడగలేర్పడి త్రోపు తగ్గింది. మూడు ఇరుసులు, తొమ్మిది చక్రాలు అమర్చిన పిదప 1897 జూన్ 26న, విక్టోరియా రాణి ఉత్సవ నౌకాప్రదర్శనలో, పిలవని అతిథిగా ఆ చిన్న ఓడ యుద్ధనౌకల నడుమ దూసుకొనిపోయింది. వెంటాడిన కావలిపడవలు అందుకోలేకపోయాయి. 1906 నాటికి డ్రెడ్‌నాట్ యుద్ధనౌకకే టర్బైన్లు అమరాయి.

1918లో ఏకైక కుమారుడు యుద్ధంలో మరణించాడు. కుమార్తె రాచెల్, తల్లి కాథరిన్‌తో కలసి, మరుసటి సంవత్సరమే మహిళా ఇంజనీర్ల సంఘస్థాపనకు పూనుకొన్నది. పార్సన్స్ 1931 ఫిబ్రవరి 11న సముద్రయానంలో, జమైకా తీరాన, ఓడలోనే కన్నుమూశారు. టర్బీనియా నేటికీ న్యూకాజిల్ ప్రదర్శనశాలలో ఉన్నది.